పక్కింటావిడ మందు

కిందటి వారం బీపీ మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళాను. డబ్బులిచ్చి మెట్టు దిగబోతూ ఆగి, "బరువు తగ్గే ఇంజక్షన్లకి మన దేశం కంపెనీల చవక రకాలు వస్తాయంటున్నారు, ఎప్పటికి రావచ్చండీ?" అని అడిగాను. షాపాయన కళ్ళజోడు పైనుంచి నన్ను ఒక్క క్షణం చూశాడు. ఆ ఒక్క క్షణానికే నా నోరు, "నాక్కాదు, మా ఫ్రెండుకి" అనేసింది. నలభై దాటినా ఈ బుద్ధి పోలేదన్నమాట అని నన్ను నేనే తిట్టుకుంటూ బయటికొచ్చాను. దారంతా మా పిన్నే గుర్తొచ్చింది.

ఇదే ప్రశ్న నేను డిగ్రీ చదివే రోజుల్లో రాజోలు బస్టాండు దగ్గర మందుల షాపులో అడుగుతూ ఉండేదాన్ని. అప్పటి మందు ఇంజక్షను కాదు, నీలం రంగు గొట్టం మాత్ర. అప్పుడు "మా ఫ్రెండుకి" అనలేదు. "మా పక్కింటావిడకండీ" అనేదాన్ని.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. రాజోలుకీ సఖినేటిపల్లికీ మధ్య ఒక ఊళ్ళో ఉండేది. బాబాయి కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో పిన్నీ, చిన్నపిల్లా, పిన్నిగారి అత్తగారూ. మగదిక్కు లేని ఇంట్లో తోడుగా ఉంటాననీ, కాలేజీ దగ్గరనీ నన్ను అక్కడ పెట్టారు. ఆ అత్తగారిని నేను మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఆవిడకి నోరెక్కువ, మనసూ ఎక్కువే. కాకపోతే రెండోది బయటపడ్డానికి టైం పట్టేది.

పిన్ని మెడకి చుట్టుకున్న సమస్య ఒక మొక్కు. పెళ్ళయిన ఏడాదికే బాబాయి కువైట్ వెళ్ళాడు. వెళ్ళిన కొద్దికాలానికే అక్కడ యుద్ధమొచ్చింది. నెలల తరబడి కబురు లేదు. మా వైపు చాలా ఇళ్ళల్లో అప్పుడు రేడియో దగ్గరే పడుకునేవాళ్ళు. పిన్నికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళో వెంకన్న గుడికి వెళ్ళి, ఆయన క్షేమంగా గుమ్మంలో అడుగుపెడితే నా బరువుకి బరువు బెల్లం తూగి ఇచ్చుకుంటానని మొక్కుకుంది. బాబాయి ఎడారి దాటి, ఏవేవో దేశాలు తిరిగి, గడ్డంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

మొక్కు మాత్రం తీరలేదు. మామగారు పోయి ఏటిసూతకం వచ్చింది. అది తీరేసరికి పిన్నికి నెల తప్పింది. ఈలోగా యుద్ధం సర్దుకుని బాబాయి మళ్ళీ వెళ్ళిపోయాడు. దంపతులిద్దరూ ఉంటేనే తులాభారం అన్నారు పూజారిగారు. మధ్యలో ఒకసారి బాబాయి సెలవులో వస్తే పిల్లకి అమ్మవారు పోసింది. ఆ తర్వాత యజమాని పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచేసుకోవడంతో నాలుగేళ్ళపాటు రావడమే కుదరలేదు.

ఆ నాలుగేళ్ళలోనే పిన్ని లావైంది. తిండి వల్ల కాదని నేను కళ్ళారా చూశాను. పొద్దున్న చద్దన్నం, రాత్రి మజ్జిగన్నం. థైరాయిడు అన్నారు అమలాపురం డాక్టరుగారు. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకునేది. గాజులు చేతికి ఎక్కక బీరువాలో పెట్టేసింది. బాబాయి ఫోటో పంపమని అడిగినప్పుడల్లా కూతుర్ని ముందు నిలబెట్టి తను వెనకాల మొహం మాత్రం కనపడేలా నిలబడేది. ఒకసారైతే స్టూడియోకి వెళ్ళి పాస్‌పోర్టు సైజు ఫోటో తీయించి పంపింది. "ఇదేంటి, నువ్వూ కువైట్ వచ్చేస్తున్నావా?" అని ఆయన ఫోన్లో ఒకటే నవ్వు.

తులాభారం మా ఊళ్ళో ఎలా జరుగుతుందో చెబితే గానీ పిన్ని భయం అర్థం కాదు. శనివారం పొద్దున్న, మంటపంలో, జనమంతా ఉండగా జరుగుతుంది. దూలానికి ఇనప గొలుసులతో పెద్ద త్రాసు వేలాడుతుంది. ఒకవైపు మనిషి కూర్చుంటే రెండోవైపు పదేసి కిలోల బెల్లం దిమ్మలు పెడతారు. దిమ్మ పెట్టిన ప్రతిసారీ పిల్లలూ పెద్దలూ పైకే లెక్కపెడతారు. సాయంత్రానికి ఎవరికి ఎన్ని దిమ్మలు పట్టాయో చెరువు రేవులోనూ కిళ్ళీకొట్టు దగ్గరా చెప్పుకుంటారు. ఎప్పుడో ఎవరో షావుకారుగారు కూర్చుంటే గొలుసు కిర్రుమన్నదన్న కథ మనవళ్ళ కాలం దాకా నడుస్తూనే ఉంది. నాకు ఆ లెక్కలు వింటే ఒళ్ళు మండేది. ప్రసాదం మాత్రం అందరికంటే ముందు నేనే తీసుకునేదాన్ని.

"ఇప్పుడున్న మనిషి కాదే మొక్కుకుంది," అంది పిన్ని ఒకసారి నాతో. "ఆ మనిషి అరిటాకులా ఉండేది. మొక్కుకున్న మనిషే కదా తూగాలి? మళ్ళీ అలా అయ్యేకే కూచుంటాను."

వంటింట్లోంచి మామ్మగారు అందుకున్నారు. "బరువు తగ్గించుకుని తూగుతావా? కొబ్బరికాయల షావుకార్లలాగ స్వామితోనే తూకంలో మోసమా?"

"మోసం కాదండి అత్తయ్యగారూ, అసలు బరువే అది," అని పిన్ని ఏడుపుగొంతుతో వాదించేది. ఆ వాదం ఎన్నిసార్లు జరిగినా ఎవరూ గెలవలేదు. పిన్నికి లోపల ఇంకో భయం కూడా ఉండేది. మొక్కు తీర్చనందుకే ఆయన్ని రానివ్వకుండా స్వామి అక్కడ ఆపేశాడేమో అని.

అప్పుడు తెలిసింది ఆ మందు సంగతి. మోకాళ్ళ కోసం చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు, పైదేశాల్లో బరువు తగ్గడానికి కొత్త గొట్టం మాత్ర వచ్చిందనీ, ఇక్కడ దొరకడం కష్టమనీ, దొరికినా మనం కొనలేమనీ చెప్పి, పేరు చీటీ మీద రాసిచ్చారు. కువైట్‌లో అయితే దొరుకుతుంది. కానీ బాబాయిని అడగాలంటే కారణం చెప్పాలి.

మా ఇంట్లో ఫోను లేదు. శుక్రవారం బాబాయికి సెలవు గనక ఆ రోజు పక్కింటికి ఫోన్ చేసేవాడు. పక్కింటావిడ స్కూలు టీచరు, బాబాయి వెళ్ళాక ఆ ఇంట్లో దిగారు కనక ఆయన ఆవిడని చూడలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మిగతా రోజులు ఎత్తుమడమల చెప్పులతో స్కూలుకి. ఊళ్ళో అంత సన్నటి మనిషి ఇంకొకరు లేరు. ఆ శుక్రవారం పిన్ని ఆవిడ హాల్లో, ఆవిడ కుర్చీలోనే కూర్చుని, చీటీ మీది మందు పేరు ఫోన్లో చదివి వినిపించింది. అవతల ఏదో అడిగారు. పిన్ని మొహం ఎర్రబడిపోయింది.

"నాక్కాదండీ. మన పక్కింటావిడకి."

టీచరుగారు అక్కడే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. ఎర్రపెన్ను ఆగిపోయింది. నేను గోడకి తగిలించిన కేలండర్ చదవడం మొదలుపెట్టాను. పిన్ని ఫోన్ పెట్టేసి తలొంచుకుని నిలబడితే ఆవిడ లేచి వచ్చి పిన్ని భుజం మీద చెయ్యేశారు.

"పోనీలే చెల్లాయ్. నాకెలాగూ ఒళ్ళు లేదు, ఇలాగైనా కొంచెం వచ్చిందనుకుంటాను," అన్నారు. పిన్ని అక్కడే ఏడ్చేసింది. టీచరుగారంటే నాకు ఆ రోజునుంచీ భక్తి.

కువైట్ నుంచి సెలవులో వచ్చిన సఖినేటిపల్లి మనిషి ద్వారా రెండు పెట్టెల మందు వచ్చింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం బాబాయి ముందు టీచరుగారి ఆరోగ్యం అడిగేవాడు. "ఒంట్లో ఎలా ఉందండి టీచరుగారూ? మందు పనిచేసిందా అండీ?" ఆవిడ మా పిన్ని వైపు ఒకసారి తేరిపార చూసి, "ఆయ్, కొంచెం తగ్గేనండి," అనేవారు. ప్రార్థన మానని మనిషి, మాకోసం వారం వారం అబద్ధమాడేవారు.

అసలు సంగతేమిటంటే పిన్ని ఏమీ తగ్గలేదు. రోజూ భోజనంతో ఒకటి వేసుకోవాలి, నూనెలూ నెయ్యీ తగ్గించాలి అని డాక్టరుగారు చెప్పారు. పిన్ని వేరే లెక్క వేసుకుంది. రోజూ తినేది మజ్జిగన్నమే కదా, దానికెందుకు దండగ? ఒళ్ళు పెరిగేది పెళ్ళిభోజనాల దగ్గర. మా వైపు విస్తరి ముందు కూర్చున్న మనిషి వద్దంటే వడ్డించేవాళ్ళు వినరు సరికదా, మా ఇంటి పదార్థం బాగులేదా అండీ అని మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకని మాత్రలు విందుల కోసం దాచింది. పమిట కొంగున ముడేసుకుని వెళ్ళి, విస్తరి ముందు కూర్చునే ముందు ఒకటి మింగి, ఇంక భయం లేదన్నట్టు ధైర్యంగా భోంచేసేది.

అమలాపురంలో ఒక పెళ్ళికి వెళ్ళి రెండు రోజులున్నాం. గారెలు, పూర్ణాలు, పూర్ణాల్లో గుంట చేసి పోసిన కాచిన నెయ్యి. ఆ మందు చేసే పనల్లా తిన్న కొవ్వుని ఒంటికి పట్టనివ్వకుండా కిందికి తోసెయ్యడమే. తిరిగొస్తుంటే బస్సు అంబాజీపేట చేరకముందే పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది. కండక్టరుని బతిమాలి బస్సాపించి దిగిపోయాం. ఎదురుగా కనపడిన ఇంటి గుమ్మంలో ఎవరో ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు. నేను సగం మాట చెప్పేలోగానే విషయం గ్రహించి, "పెరట్లోకి వెళ్ళండమ్మా, కుడివైపు," అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. పిన్ని కాళ్ళూ చేతులూ కడుక్కుని నీరసంగా వస్తే ఆవిడ మమ్మల్ని కదలనిస్తేనా! "మొదటిసారి మా ఇంటికొచ్చేరు, వట్టినోటితో వెళ్తారా అండీ," అని నెయ్యి వేసి కాల్చిన పెసరట్లు తెచ్చి ముందు పెట్టారు. పిన్ని నా మొహం చూసింది, నేను పిన్ని మొహం చూశాను. కాదనలేకపోయాం. ఆ సాయంత్రం సంగతి తల్చుకుని పదేళ్ళు నవ్వుకున్నాం గానీ, ఆ రోజు ఇంకో బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు పిన్ని, "నాకే ఎందుకే ఇలాంటి ఒళ్ళు," అంటూ కళ్ళు తుడుచుకుంది.

అలా విందు విందుకీ ఒకటి చొప్పున పెట్టెలు ఖాళీ అయ్యాయి. మళ్ళీ తెప్పించమని అడగడానికి పిన్నికి మొహం చెల్లలేదు. అంత ఖరీదు మందు ఆయనచేత మళ్ళీ కొనిపించడానికి మనసూ ఒప్పలేదు. అప్పుడు నేను రాజోలు మందుల షాపులో అడగడం మొదలుపెట్టాను.

షాపాయన మర్యాదస్థుడు. "పైదేశం మందు మనవాళ్ళు చూసేరంటే చేసెయ్యకుండా ఉంటారా అండీ? ఇక్కడి కంపెనీలు చేస్తున్నాయని మొన్న రిప్రజెంటేటివు చెప్పేడు. అది వస్తే మనలాంటివాళ్ళకి అందుబాటులో ఉంటుంది. శ్రావణానికి వచ్చేస్తుందనుకోండి," అన్నాడు. శ్రావణం వెళ్ళింది. "పర్మిషన్లేవో ఢిల్లీలో ఉన్నాయటండి. దసరాకి ఖాయం." దసరా కూడా వెళ్ళింది. నేను వెళ్ళినప్పుడల్లా, "మీ పక్కింటావిడకి దిగులు పడొద్దని చెప్పండమ్మా," అనేవాడు. ఆయన పిల్లలిద్దరూ టీచరుగారి దగ్గరే చదువుకున్నారనీ, మా పక్కింటావిడ ఎంత సన్నమో ఆయనకి మొదటినుంచీ తెలుసనీ నాకు చాలాకాలం దాకా తెలీదు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం బాబాయి, పాస్‌పోర్టు చేతికొచ్చిందనీ, నెల తిరక్కుండా వస్తున్నాననీ చెప్పాడు. పిన్ని ఫోను పెట్టేసి నవ్వింది, వెంటనే ఏడ్చింది. మర్నాడు నన్ను మందుల షాపుకి పంపింది. "సంక్రాంతి దాటుతుందండి," అన్నాడు షాపాయన, తప్పు తనదే అన్నంత బాధగా. ఆ నెలంతా పిన్ని సగం కడుపుతోనే లేచేది. మామ్మగారు కంచంలో ఇంకో గరిటె వేసేవారు. పిన్ని అది తీసి నా కంచంలో వేసేది. ఆ నెల నేను లావయ్యాను.

బాబాయి వచ్చిన రోజు టాక్సీ వీధి చివర ఆగింది. పిన్ని వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడిపోయింది. గుమ్మంలోకొచ్చిన మనిషిని చూసి మామ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఫోటోల్లో కార్లకి ఆనుకుని దర్జాగా నిలబడే మా బాబాయి కాడు. చొక్కా వేలాడుతోంది. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు. షుగరట. రెండేళ్ళ నుంచీ ఉందట. మాకు చెబితే కంగారుపడతామని చెప్పలేదట.

చప్పుడు విని టీచరుగారు కూడా వచ్చారు. బాబాయి సన్నగా ఉన్న ఆవిడ వంక చూశాడు. తలుపు చాటునుంచి కనపడుతున్న పిన్ని భుజం వంక చూశాడు. సంగతి అర్థమైపోయింది. "మందు మీకు బాగా పనిచేసినట్టుందండి టీచరుగారూ," అన్నాడు. టీచరుగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయారు. పిన్ని అప్పుడు బయటికొచ్చింది. తన సంగతి పూర్తిగా మర్చిపోయి, "ఇలా అయిపోయేరేంటండీ," అని ఆయన చెయ్యి పట్టుకుంది.

మొక్కు మాట రెండో రోజే వచ్చింది. మందొచ్చేదాకా ఆగుదామంది పిన్ని. మొక్కుకున్న మనిషే తూగాలన్న పాత వాదం బయటికి తీసింది. బాబాయి అంతా విన్నాడు.

"నువ్వు ఎవరికోసం మొక్కుకున్నావో ఆ మనిషీ ఇప్పుడు లేడు కదే. వచ్చింది వీడు. వీడు అక్కర్లేదని చెప్పు, మొక్కూ అక్కర్లేదు," అన్నాడు.  మామ్మగారు లేచి పంచాంగం తీశారు.

శనివారానికి ఏర్పాటైంది. బెల్లం ఎన్ని దిమ్మలు కావాలని కొట్టువాడు కబురంపితే పిన్ని ఎవర్నీ అడగకుండా, "ఏడు చాలు," అని చెప్పించింది. ఆ మాట చెప్పించినప్పుడు అందులో ఎంత ఆశ ఉందో, ఎంత సిగ్గుందో నాకు తెలుసు. 

మంటపం నిండా జనం. పిన్ని కళ్ళు మూసుకుని త్రాసులో పీట మీద కూర్చుంది. ఒకటి, రెండు అని అరుపులు. ఏడో దిమ్మ కూడా పెట్టారు. త్రాసు కదల్లేదు. పూజారిగారు గొలుసు కదిపి చూశారు. పిన్ని కూర్చున్న వైపు నేలకే ఆనుకుని ఉంది. బెల్లం అయిపోయింది. లెక్కపెట్టే గొంతులు ఆగిపోయాయి. ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వితే వాళ్ళమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చింది. బెల్లం కోసం కొట్టుకి మనిషి పరుగెత్తాడు.

ఇన్నేళ్ళూ పిన్ని దేనికి భయపడిందో సరిగ్గా అదే జరిగింది. ఊరంతా చూస్తుండగా, కదలని త్రాసులో, తిరిగొచ్చేవాడి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.  వెళ్ళి అడ్డం నిలబడాలనిపించింది గానీ ఆడపిల్లనై అంత సాహసం చెయ్యలేకపోయాను.

బాబాయి వెళ్ళి పిన్ని పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. మెల్లగానే మాట్లాడాడు గానీ మంటపంలో అంతా ఊరుకుని ఉండటంతో అందరికీ వినపడింది.

"అక్కడ రోజూ అన్నం ముందు కూచున్నప్పుడు అనుకునేవాణ్ణి. అమ్మకీ పిల్లకీ పెట్టేసి ఇది తింటోందో, నీళ్ళు తాగి పడుకుంటోందో అని. ముద్ద దిగేది కాదు. ఇవాళ్టికి నా ప్రాణం కుదుటపడింది. ఇంకో రెండు దిమ్మలు ఎక్కువ పట్టనీ, నాకు ఇంకా సంతోషం."

పిన్ని కళ్ళు తెరిచింది.  మామ్మగారు గుంపు వైపు తిరిగి, "చూసింది చాల్లెండి, గోవిందా అనండి!" అని గదమాయించారు. అంతా ఒక్కసారి గోవిందా అన్నారు. కొట్టునుంచి దిమ్మలొచ్చాయి. ఎనిమిదోది పెడితే త్రాసు కాస్త ఊగింది. తొమ్మిదోది పెట్టగానే పిన్ని కాళ్ళు నేలనుంచి లేచాయి. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ బెల్లం ఊళ్ళో ప్రతి ఇంటికీ చేరింది. టీచరుగారింటికి పిన్నే పట్టుకెళ్ళి ఇచ్చింది, ప్రసాదం అనుకోకుండా బెల్లంగానే తీసుకోండి అని. ఆవిడ ముక్క విరిచి అక్కడే నోట్లో వేసుకున్నారు.

నిజంగానే సంక్రాంతి దాటాక వచ్చింది మందు. కాలేజీ నుంచి వస్తుంటే షాపాయన కౌంటర్ మీంచి వంగి, "మీ పక్కింటావిడకి చెప్పండమ్మా, మనవాళ్ళది వచ్చేసింది," అని కేకేశాడు. ఇంటికొచ్చి చెప్పాను. బాబాయి సెలవు ఇంకా కొన్నాళ్ళుంది. మర్నాడు పొద్దున్న పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని నాతో బయల్దేరింది. నేనే తెస్తానులే అంటే వినలేదు.

షాపు ముందు బస్సుల కోసం వచ్చినవాళ్ళతో కలిపి బోలెడు జనం. పిన్ని వాళ్ళని తప్పించుకుంటూ కౌంటర్ దాకా వెళ్ళింది.

"బరువు తగ్గే మందు, మన దేశానిది వచ్చిందటగా అండీ? ఒక నెలకి సరిపడా ఇవ్వండి. మోకాళ్ళ నెప్పులు. ఈసారి విందులకి కాదు, రోజూ వేసుకుంటాను."

షాపాయన డబ్బా కిందికి దించి, అలవాటైన మర్యాదతో అడిగాడు. "ఆయ్, వచ్చిందండి. మీ పక్కింటావిడకే కదండీ?"

"కాదండి," అంది పిన్ని, వెనకాల జనానికి కూడా వినపడేలా. "నాకేనండి."